వలె ఉంటే ఉపమ, ఏమో ఉంటే ఉత్ప్రేక్ష

మొన్న ఆదివారం మా అక్క ఫోన్ చేసింది. "దీనికి తెలుగులో మార్కులు తగ్గాయిరా, కాస్త నువ్వైనా చెప్పు" అంటూ తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనకోడలికి ఫోన్ ఇచ్చేసింది. నాకొచ్చిన తెలుగు ఎంతో నాకు తెలుసు. అయినా మేనమామని అయ్యాక తప్పుతుందా!

"అలంకారాలు వచ్చా?" అన్నాను.

"ఓ, వచ్చు మామయ్యా. 'వలె' ఉంటే ఉపమ, 'ఏమో' ఉంటే ఉత్ప్రేక్ష."

"సరే. 'ఈ వాన చూస్తే ఆకాశానికి చిల్లు పడిందేమో అనిపిస్తోంది'."

"ఉత్ప్రేక్ష."

"'నాన్న రేపు ఊరినుంచి వస్తాడేమో'."

"ఉత్ప్రేక్ష."

"'నిన్నటి వలె ఈ రోజు కూడా బస్సు రాలేదు'."

"ఉపమ!"

ముందు నవ్వొచ్చింది. తర్వాత దాన్ని చూసి నవ్వే అర్హత నాకు లేదని గుర్తొచ్చింది. నేను పది పాసయిందీ సరిగ్గా ఇలాగే. బిట్ పేపర్లో వాక్యం చదివేవాణ్ణి కాదు, అందులో 'వలె' కోసం వెతికేవాణ్ణి. కంప్యూటర్లో సెర్చ్ కొట్టడం నేను ఇంజనీరింగులో నేర్చుకోలేదు, తెలుగు పరీక్షలో నేర్చుకున్నాను.

'ఈ క్రింది గద్యాన్ని చదివి ప్రశ్నలకు జవాబులు రాయండి' అనేదీ అంతే. నమ్మకపోతే ఇది చూడండి.

'జింబులు గల్లుకలో పొట్టరించాయి. అందువల్ల తల్లము లుప్పించింది.'

జింబులు ఎక్కడ పొట్టరించాయి? గల్లుకలో. తల్లము ఎందుకు లుప్పించింది? జింబులు గల్లుకలో పొట్టరించినందువల్ల. రెండుకి రెండు మార్కులు! ఆ మాటలన్నీ ఇప్పుడే నేను కల్పించినవి, వాటికి అర్థమే లేదు. విభక్తులు తెలిస్తే చాలు, జవాబు దానంతటదే వచ్చేస్తుంది. అర్థం కాకపోయినా జవాబు రాయగలిగితే ఆ ప్రశ్న దేన్ని పరీక్షించినట్టు?

పోనీ స్కూలుతో పోయిందా అంటే, లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో డబ్బు చెల్లింపుల ప్రాజెక్టులో వేశారు. డాక్యుమెంటులో 'అవతలి సర్వర్ నుంచి జవాబు రాకపోతే మళ్ళీ పంపాలి' అని ఉంది. నేను ఆ వాక్యాన్ని అలాగే కోడులోకి దించాను, గద్యంలోంచి జవాబు దించినట్టు. 'జవాబు రాలేదు' అంటే 'పని జరగలేదు' అని అర్థం కాదు కదా! పని జరిగి, జరిగిందన్న కబురు మాత్రమే దారిలో తప్పిపోయి ఉండొచ్చు. ఆ రాత్రి కొందరి ఖాతాల్లో డబ్బులు రెండేసి సార్లు కట్ అయ్యాయి. ఎవరి ఇంటద్దె డబ్బులో, ఎవరి పిల్లల ఫీజో! తెల్లారాక మేనేజరు అడిగింది ఒకే మాట: "నువ్వు అది చదివావా?" చదివాను. ఒక్క అక్షరం వదలకుండా చదివాను.

ఇదంతా విని "అందుకే ఆ అలంకారాలూ ఛందస్సూ దండగ, తీసెయ్యాలి" అనే స్నేహితులు నాకు చాలామందే ఉన్నారు. నేను ఒప్పుకోను. 'మేనేజరు పులిలా మీదికొచ్చాడు' అంటే ఉపమ. మనిషీ పులీ ఇంకా వేరువేరుగానే ఉన్నారు. 'ఆ మేనేజరు పులి ముందు నిలబడ్డాను' అంటే రూపకం. ఇద్దరూ ఒకటైపోయారు. 'పులే వచ్చి ఈ కుర్చీలో కూర్చుందేమో' అంటే ఉత్ప్రేక్ష. అది ఊహ. మనిషి మనసు మూడు రకాలుగా పనిచేస్తే మూడింటికీ మూడు పేర్లు పెట్టారు. మా ప్రోగ్రామర్లు డిజైన్ ప్యాటర్న్‌లకి పేర్లు పెట్టుకున్నదీ ఇందుకే. తేడా ఏంటంటే, మేం ముందు ఇబ్బంది పడి తర్వాత పేరు నేర్చుకుంటాం. బడిలో ముందే పేరు ఇచ్చేస్తారు, వస్తువుని ఎప్పటికీ చూపించరు.

'యమాతారాజభానసలగం' కూడా అంతే. పది అక్షరాల్లో ఎనిమిది గణాలూ ఇమిడిపోయాయి. ఎక్కడినుంచైనా వరసగా మూడక్షరాలు తీసుకుంటే, మొదటి అక్షరం పేరున్న గణం వస్తుంది. ఇంజనీరింగులో బైనరీ చదివాక గానీ అదెంత తెలివైన పనో నాకు తెలియలేదు. బడిలో అది మంత్రం, అంతే.

మాస్టార్లని తిట్టి లాభం లేదు. లక్షల పేపర్లు దిద్దాలంటే ఒక్క మాటలో తేలిపోయే ప్రశ్నే సుఖం. 2005 నాటి జాతీయ విద్యా ప్రణాళికా చట్రం బట్టీ చదువులు పోవాలంది. మా తర్వాత వచ్చిన పుస్తకాల్లో 'అవగాహన-ప్రతిస్పందన' అని శీర్షికలు కూడా వచ్చాయి. కానీ మా మేనకోడలి చేతిలో ఉన్నది గైడు. నేను అడిగేది చిన్నదే: 'ఇది ఏ అలంకారం?' అన్నచోట 'ఈ పోలిక తీసేస్తే ఏం పోతుంది?' అని అడగండి. పేరు తర్వాత చెప్పొచ్చు.

ఆ రోజు దానికి ఒక పని అప్పజెప్పాను. వారం రోజులు అమ్మమ్మ మాటలు విని నచ్చినవి రాసిపెట్టమన్నాను. మా అమ్మ చదివింది ఐదో తరగతి. బుధవారం ఫోన్ వచ్చింది.

"మామయ్యా, లో వోల్టేజీ వచ్చింది. అమ్మమ్మ ఫ్యాను వంక చూసి 'ఇది తిరగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది' అంది. ఇందులో 'ఏమో' లేదు. అయినా ఇది ఉత్ప్రేక్షే కదా?"

"ఎందుకనుకున్నావు?"

"ఫ్యాను ఆలోచించదు కదా మామయ్యా. అమ్మమ్మ ఊహించింది."

ఈసారి పరీక్షలో దానికి ఎన్ని మార్కులొస్తాయో నాకు తెలీదు. తెలుగు మాత్రం వచ్చేసింది.