జబర్దస్త్: సీనియర్లు వెళ్లారు సరే.. ఆ కుర్చీలో కూర్చునేదెవరు?

భద్రాచలం: చర్ల బస్సు కోసమో, కూనవరం బస్సు కోసమో భద్రాచలం బస్టాండ్‌లో ఓ అరగంట కూర్చోండి. పక్కవాళ్ల ఫోన్‌లోంచి ఏదో ఒక జబర్దస్త్ స్కిట్ వినపడుతుంది. కాస్త తొంగి చూస్తే అందులో సుడిగాలి సుధీర్ ఉంటాడు, లేదంటే చమ్మక్ చంద్ర. ఇద్దరూ ఆ టీమ్‌లు వదిలి ఏళ్లయింది. చూసేవాళ్లకు ఆ పట్టింపే లేదు, నవ్వొస్తోందా లేదా అంతే. కానీ షో నడిపేవాళ్లకు అసలు తలనొప్పి అక్కడే మొదలైంది.

ఈటీవీలో జబర్దస్త్ మొదలైంది 2013 ఫిబ్రవరి 7న. అప్పటికి భద్రాచలం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఉంది. తర్వాత రాష్ట్రం రెండయింది, కూనవరం, చింతూరు ఆంధ్రాలోకి వెళ్లాయి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. ఊరి అడ్రస్ ఇన్నిసార్లు మారినా షో పేరు మాత్రం మారలేదు. పేరు కింద మనుషులే మారారు.

2019 చివర్లో జడ్జి నాగబాబు వెళ్లిపోయారు. ఆయనతో పాటు చమ్మక్ చంద్ర లాంటి టీమ్ లీడర్లూ, తెరవెనుక షోను నడిపించిన డైరెక్టర్లు నితిన్, భరత్ కూడా జీ తెలుగు 'అదిరింది'కి మారారు. 2022 ఏప్రిల్‌లో రోజా మంత్రి అయ్యారు, జడ్జి సీటు వదిలేశారు. అదే ఏడాది అనసూయ, సుధీర్ కూడా బయటికొచ్చారు. 2024లో ఎక్స్‌ట్రా జబర్దస్త్ అనే పేరే తీసేసి రెండింటినీ ఒకటి చేశారు. ఇదంతా మీకు తెలిసిన కథే. 'షో పని అయిపోయింది' అన్న హెడ్డింగులు ప్రతిసారీ వచ్చాయి, ప్రతిసారీ షో నడుస్తూనే ఉంది.

మొదటి ఆరేడేళ్లు అలా ఎలా తట్టుకుంది? అందులో ఒక నిచ్చెన ఉండేది కాబట్టి.

సుధీర్ నేరుగా టీమ్ లీడర్‌గా రాలేదు. వేణు టీమ్‌లో చిన్న పాత్రలు వేసి, తర్వాత సొంత టీమ్ పెట్టుకున్నాడు. షకలక శంకర్ కూడా వేరేవాళ్ల స్కిట్లలో మెరిసే లీడర్ అయ్యాడు. హైపర్ ఆది అదిరే అభి టీమ్‌లో చేరి, రాస్తూ, నటిస్తూ ఎదిగాడు. కొన్నాళ్లకు శిష్యుడి పేరు గురువు పేరు కన్నా గట్టిగా వినపడింది. అంటే ఒక లీడర్ వెళ్లేలోపే ఇంకొకడు అదే స్టేజీ మీద, అదే ప్రేక్షకుల ముందు తయారై ఉండేవాడు. ఎవరో మీటింగ్ పెట్టి ప్లాన్ చేసింది కాకపోవచ్చు, కానీ పని చేసింది.

భద్రాచలంలో ఏటా శ్రీరామనవమి కల్యాణం అయిన మర్నాడే మిథిలా స్టేడియంలో పట్టాభిషేకం జరుగుతుంది. ఈ ఊరివాళ్లకు ఆ కథలోని మెలిక కొత్తగా చెప్పక్కర్లేదు. తనకు వయసు మీద పడిందని దశరథుడే ముందుగా రాముణ్ని యువరాజును చేద్దామనుకున్నాడు. సీటు ఖాళీ కాకముందే అన్నమాట. అది అనుకున్నట్టు జరగకపోవడం వేరే సంగతి, అందుకే రామాయణం అంత పెద్దదైంది!

సరే, మన షోకొద్దాం. సుధీర్ టీమ్‌ను దగ్గరగా చూస్తే అసలు చిక్కు అర్థమవుతుంది. సుధీర్, గెటప్ శ్రీను, ఆటో రాంప్రసాద్.. ఈ ముగ్గురిలో పంచులు రాసే చెయ్యి ఎక్కువగా రాంప్రసాద్‌ది. ఆ పంచుల్లో సగానికి సగం తగిలేది సుధీర్‌కే. అమ్మాయిల వెంట పడతాడని, రష్మి పేరు ఎత్తితే చాలు మెలికలు తిరుగుతాడని ఏళ్ల తరబడి ఒక బొమ్మ కట్టారు. లీడరే దెబ్బలు తినేవాడు, అదే ఆ టీమ్ బలం. సుధీర్ వెళ్లాక రాంప్రసాద్ అక్కడే ఉన్నాడు. రాసే చెయ్యి అదే, అనుభవం అదే. కానీ జోకులకు అడ్రస్ లేకుండా పోయింది. 'వాడు' అనగానే జనానికి గుర్తొచ్చే మనిషి స్టేజీ మీద లేడు. కొత్తవాణ్ని తెచ్చి అక్కడ నిలబెడితే, అతని గురించి ప్రేక్షకులకు తెలిసింది సున్నా. ఆ బొమ్మ కట్టడానికి మళ్లీ ఏళ్లు పడుతుంది. ఆది టీమ్‌లోనూ ఇంతే. పెద్దాయన రైజింగ్ రాజు తన వయసు మీద వేసే జోకుల్ని ఓపిగ్గా తీసుకోబట్టే ఆది పంచ్ అంత గట్టిగా పేలేది. ఆ జోడీని విడదీసి ఒక్కొక్కరినీ వేరే వాళ్ల పక్కన పెడితే ఆ పేలుడు రాదు. కామెడీలో అనుభవం ఒక్క మనిషిలోనే ఉండదు, ఇద్దరి మధ్యలో ఉంటుంది.

ఇక కొత్తవాళ్ల సంగతి. ఇది ఫోన్‌లో చూసే మనకు నేరుగా సంబంధించిన విషయం. ఒకప్పుడు గురువారం, శుక్రవారం రాత్రి టీవీ ముందు కూర్చుంటే వాళ్లు ఏ వరుసలో వేస్తే ఆ వరుసలో చూడాలి. పెద్ద టీమ్ కోసం ఎదురుచూస్తూ, మధ్యలో వచ్చే చిన్న టీమ్‌నూ చూసేవాళ్లం. అలా చూస్తూ చూస్తూనే ఆ చిన్న టీమ్ పెద్దదయ్యేది. ఇప్పుడు ఎపిసోడ్ ముక్కలై యూట్యూబ్‌లో పడుతుంది. ఒక్కో స్కిట్ ఒక్కో వీడియో, పైన లీడర్ పేరు. తెలియని పేరుంటే వేలు ఆగదు, కిందికి జారిపోతుంది. పైగా పక్కనే 2016 నాటి, 2017 నాటి స్కిట్లు వరుసగా ఉంటాయి. అంటే ఈ వారం స్టేజీ ఎక్కిన కుర్రాడికి పోటీ ఈ వారం సీనియర్లతో కాదు. మంచి ఊపు మీదున్న రోజుల్లోని సుధీర్‌తో, చంద్రతో. అసలైన సీనియర్ వెళ్లిపోయాడు, అతని పడుచు వయసు మాత్రం సర్వర్‌లో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఈ పోటీలో కొత్తవాడు గెలవడం మాటలు కాదు.

అందుకే కాస్త పేరు రాగానే బయటి దారి చూసుకుంటున్నారు. ముక్కు అవినాష్ 2020లో, ఫైమా 2022లో బిగ్ బాస్‌కు వెళ్లారు. కిరాక్ ఆర్పీ అయితే నెల్లూరు చేపల పులుసు షాపు పెట్టి ఆ పేరుతోనే నిలబడ్డాడు. తప్పు పట్టడానికేం లేదు. పదేళ్లు పక్క పాత్రలు వేసినా లీడర్ సీటు వస్తుందన్న గ్యారంటీ లేనప్పుడు ఎవరైనా అదే చేస్తారు. పైగా రెండు షోలు ఒకటయ్యాక ఆ సీట్లు కూడా తగ్గాయి. ఆడవాళ్లకైతే ఈ నిచ్చెన మొదటి మెట్టే ఆలస్యంగా దొరికింది. చాలా ఏళ్లు ఆ పాత్రలన్నీ లేడీ గెటప్‌లో మగవాళ్లే వేశారు కదా.

వెళ్లినవాళ్లలో అందరికన్నా దూరం పోయింది వేణు ఎల్దండి. 2023 మార్చిలో వచ్చిన 'బలగం'ను తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. డైరెక్టర్లు నితిన్, భరత్ కూడా 2025లో ప్రదీప్ హీరోగా సినిమా తీశారు. ఇలా చూస్తే జబర్దస్త్ మంచి బడే. కాకపోతే పాసై వెళ్లినవాళ్లు మళ్లీ పాఠం చెప్పడానికి రావడం లేదు. 2025లో 12 ఏళ్ల వేడుక పేరుతో అనసూయ, ఆది లాంటి పాతవాళ్లను స్టేజీ మీదికి తెస్తే జనం ఎగబడి చూశారు. సంతోషమే.. కానీ ఆ వారం కొత్త టీమ్‌ల స్కిట్ ఒక్కటైనా మీకు గుర్తుందా?

ఇదే ఛానల్‌లో 'పాడుతా తీయగా'కు కూడా ఈ కష్టం వచ్చింది. 1996 నుంచి ఆ షో అంటే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. 2020 సెప్టెంబర్‌లో ఆయన పోయాక, ఏడాది దాటిన తర్వాత కొడుకు ఎస్పీ చరణ్ ఆ బాధ్యత తీసుకున్నారు. అక్కడ పాడేవాళ్లు ఎలాగూ సీజన్‌కో బ్యాచ్ మారతారు, నింపాల్సింది ఒక్క కుర్చీయే. అమెరికాలో 1975లో మొదలైన 'సాటర్డే నైట్ లైవ్' ఇంకో రకం. నటులు వస్తుంటారు, పోతుంటారు. దాన్ని పుట్టించిన లార్న్ మైకేల్స్ మాత్రం మధ్యలో ఐదేళ్లు తప్ప అక్కడే ఉన్నారు, 80 దాటినా. అక్కడ 'ఆయన తర్వాత ఎవరు' అన్నదే ప్రశ్న. జబర్దస్త్‌కు ఆ రెండు సౌకర్యాలూ లేవు. ఇక్కడ తల కనిపించేది స్టేజీ మీదే, అదీ ఒకటి కాదు, అరడజను తలలు.

జడ్జి సీట్లో కొన్నాళ్లు ఇంద్రజ, కృష్ణ భగవాన్ కూర్చున్నారు. కృష్ణ భగవాన్ స్వయంగా రచయిత. కొన్ని వారాలు స్కిట్ కన్నా ఆయన మధ్యలో విసిరే చిన్న మాటే బాగా పేలేది. అంత చెయ్యి తిరిగిన మనిషి స్కిట్ అయ్యాక మార్కులిచ్చి నవ్వితే సరిపోతుందా, లేక రిహార్సల్‌లోనే కుర్రాళ్ల పేపర్ చూసి రెండు లైన్లు కొట్టేస్తే బాగుంటుందా? షో యాజమాన్యం మల్లెమాల ఆలోచించాల్సింది ఇదేనేమో. మొదటి రోజుల నుంచి కదలకుండా ఉన్న రాకెట్ రాఘవ పక్కన నిలబడే కుర్రాళ్లలో ఎవరి పేరు వచ్చే ఏడాది థంబ్‌నెయిల్ మీదికి ఎక్కుతుందో ఇప్పటికైతే తెలియదు. బస్టాండ్‌లో చర్ల బస్సు వచ్చింది. ఫోన్‌లో పాత స్కిట్ అయిపోయి, ఆటోప్లేలో ఇంకో పాత స్కిట్ మొదలైంది.