డీఎస్ఎల్ ఉంటే ఫ్యాక్స్ వెళ్ళదా?

ఇంట్లో డీఎస్ఎల్ ఉంటే కంప్యూటర్ నుంచి ఫ్యాక్స్ పంపేయొచ్చు అనుకుంటారు చాలామంది. డీఎస్ఎల్ మోడెమ్‌కి ఫ్యాక్స్ భాష రాదండీ! ఫోన్ లైన్ మీద నేరుగా పంపాలంటే పాత డయలప్ ఫ్యాక్స్ మోడెమ్ విడిగా కావాల్సిందే. ఫ్యాక్స్ 3,400 హెర్ట్జ్ లోపు నడుస్తుంది, డీఎస్ఎల్ దాదాపు 25 కిలోహెర్ట్జ్ పైన. స్ప్లిటర్ పెడితే ఒకే తీగ మీద రెండూ గొడవపడవు.

అది సరే, రాగి తీగ లేని ఇంటి సంగతేంటి? ఒక్క సంతకం కాగితం కోసం మా నస్రుల్లాబాద్ నుంచి బాన్సువాడ దాకా పోవాలా? కంప్యూటర్‌తో ఫ్యాక్స్ పంపాలన్నా ముందు ఆ కాగితాన్ని స్కాన్ చేయాల్సిందేగా! ఆ స్కానే మెయిల్‌లో పంపితే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఎలక్ట్రానిక్ రికార్డుకి 2000లోనే ఐటీ చట్టం గుర్తింపునిచ్చింది. ఫ్యాక్స్‌కున్న గొప్పల్లా వెళ్ళినట్టు వచ్చే చీటీయే. ఫ్యాక్సే కావాలనే ఆఫీసులు మెయిల్ తీసుకుని, అందినట్టు జవాబిస్తే ఆ లోటూ తీరుతుంది. ఏమంటారు?