పైనుంచి చూస్తే దాగని బొందలగడ్డలు

షాద్‌నగర్‌ల పెద్ద పెద్ద గిన్నెల్లాంటి యాంటెన్నాలున్నయి. మన ఉపగ్రహాలు భూమిని తీసిన బొమ్మలు దిగేది అక్కడికే. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వాటిని దేశానికి అందిస్తది. అంటే మణుగూరుల ఏ గుట్ట తవ్విండ్రో, కోయగూడెం కాడ ఎంత అడవి పోయిందో చెప్పే బొమ్మ మన జాగకే వస్తున్నది. మరి అడవి పోగొట్టుకున్న కోయ గూడేలకు ఆ బొమ్మ ఎందుకు చేరలేదు?

ఓపెన్‌కాస్టులంటే బొందలగడ్డలేనని ఉద్యమకాలంలో గొంతు చించుకున్నం. 2014లో రాష్ట్రం వచ్చింది, ఓపెన్‌కాస్టులు ఆగలేదు. భూగర్భ గని నడిస్తే పైన అడవి చాలావరకు నిలబడ్తది, ఎక్కువ మందికి కొలువు దొరుకుతది. ఓపెన్‌కాస్టుకు ముందు చెట్టు పోవాలె, తర్వాత మట్టి పోవాలె, ఆ మట్టి కుప్పపోయనీకి ఇంకో జాగ కావాలె. 1990ల మొదట్ల లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు అందులో సగం కూడ లేరు.

అడవి తగ్గిందా అని అడిగితే సార్లు భారత అటవీ సర్వే నివేదిక ముందర పెడ్తరు. 1987 నుంచి సుమారు రెండేండ్లకోసారి ఉపగ్రహ చిత్రాలతోనే తయారయ్యే నివేదిక అది. బొమ్మ అబద్ధమాడదు. కిరికిరంతా నిర్వచనంల ఉంది. హెక్టారుకు తగ్గని జాగలో చెట్ల కప్పు 10 శాతం ఉంటే చాలు, అది అడవి కిందే లెక్క. జామాయిల్ తోటైనా, మామిడి తోటైనా అంతే. ఇప్ప, తునికి, నల్లమద్ది ఉన్న అడవి ఒకకాడ పోయి ఇంకోకాడ అంతే జామాయిల్ పెరిగితే నికర లెక్కలో నష్టం సున్నా! ఇప్పపువ్వు ఏరుకునేటోల్లకు కాగితపు మిల్లుకు పోయే చెట్టు ఏం పెడ్తది?

అందుకే లెక్క మనమే తీయాలె అంటున్నం. ఇదేం బ్రహ్మవిద్య కాదు. అమెరికా ల్యాండ్‌శాట్ 1972 నుంచి తీసిన బొమ్మలు 2008 నుంచి పైసా లేకుండ దొరుకుతున్నయి. 2015లో ఎగిరిన యూరపువాళ్ల సెంటినెల్-2 బొమ్మలో ఒక్కో చుక్క 10 మీటర్ల జాగ. పచ్చని ఆకు మన కంటికి ఆనని పరారుణ కాంతిని బాగా తిప్పికొడ్తది. ఆ కాంతితో గీసిన బొమ్మలో అడవి ఎర్రగ, బొగ్గుబాయి నల్లగ తేలుతది. ఒక్క జాగ్రత్త. ఎండాకాలంలో టేకు ఆకు రాలుస్తది. నవంబరు బొమ్మను ఏప్రిల్ బొమ్మ పక్కన పెట్టి అడవి పోయిందని కేకలేస్తే నవ్వులపాలయితం. ఏ ఏడుదైనా అదే నెల బొమ్మ చూడాలె.

బొమ్మ ఒక్కటే చాలదు, దానిమీద లీజు హద్దులు పరచాలె. కేంద్ర గనుల శాఖ 2016లో తెచ్చిన నిఘా వ్యవస్థ ఇనుము, బాక్సైటు వంటి ఖనిజాల లీజు హద్దు చుట్టు 500 మీటర్ల దాక ఉపగ్రహంతో అక్రమ తవ్వకాన్ని పసిగడ్తది. బొగ్గుకూ అసొంటి ఏర్పాటు వేరే ఉంది. బాగనే ఉంది. హద్దు దాటినోడు దొరుకుతడు. కాగితాలన్నీ సక్రమంగ ఉండి పోయిన అడవి మాటేంది? అటవీ అనుమతి అడిగే కంపెనీ తన హద్దుల డిజిటల్ పటం ఇయ్యాల్సిందే. ఆ పటం తెలుగుల, గ్రామసభ ముందర గోడకు ఎందుకు కట్టరు? ఉస్మానియాల భూగోళశాస్త్రం చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు సమాచార హక్కు కింద దాన్ని తీసుకోవచ్చు. అటవీ, రెవెన్యూ ఉద్యోగ మిత్రులు పాత కంపార్ట్‌మెంట్ పటాలను చదివిపెట్టొచ్చు.

ఇంకొకటి మాట్లాడకపోతే మాది దొంగనీతి అయితది. 2025లో ఒడిశా అంగుల్ జిల్లా నైనీల మన సింగరేణి బొగ్గు తవ్వుడు మొదలుపెట్టింది. అదీ అడవే. పరాయోల్లు వచ్చి మన బొగ్గు తోడుకపోతున్నరని అన్నోళ్లం మనం. అక్కడోల్లు మనను ఏమనాలె? నైనీ బొమ్మ కూడ షాద్‌నగర్‌కే దిగుతది. మణుగూరు బొమ్మ తీసేనాడు దాన్ని గూడ తీద్దాం.