బురద మన బుద్ధి కాదు, దారి లేని నీళ్లు

"వీళ్ల కొట్టాల చుట్టూ ఎప్పుడూ బురదే, రొచ్చే" అన్న మాట మనకు కొత్త కాదు. బస్సులో విన్నాం, ఆఫీసుల్లో విన్నాం. పరిశుభ్రత పాఠం చెబుతూ మన పిల్లల వైపు చూసి అన్నవాళ్లూ ఉన్నారు. ఈ మాటకు జవాబు చెప్పాలి.

బురద ఏ జాతికీ పుట్టుకతో రాదు. మట్టి, నీళ్లు, తొక్కిడి మూడూ ఒకచోట చేరితే బురద అవుతుంది. మట్టిని మార్చలేం. పశువును తొక్కొద్దని చెప్పలేం. మన చేతిలో ఉన్నది నీళ్లొక్కటే. నీళ్లకు దారి ఉంటే బురద నిలవదు. మరి ఆ దారిని మూసిందెవరు? అడగాల్సిన ప్రశ్న ఇదీ.

మాది హాలహర్వి వైపు నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఉబ్బిన రేగడి నీళ్లను కిందికి దిగనివ్వదు. ఆలూరు నుంచి ఎమ్మిగనూరు దాకా ఈ నేల మీద నడిచినవాళ్లెవరికైనా తెలుసు, ఒక్క గట్టి వాన చాలు, కాలికి చెప్పు దక్కదు. ఈ నేలలో ఎంత ధనవంతుడు కొట్టం కట్టినా, నీళ్లకు దారి పెట్టకపోతే బురదలోనే నిలబడాలి.

మా వైపు ఇప్పుడు గుర్రాలు అరుదు. కానీ బరువు మోసే పశువు విలువ సుగాలీలకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఎద్దుల మందల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినవాళ్లు మన పూర్వీకులు. అదే పని పాడేరు కొండల్లో ఈనాటికీ గుర్రం చేస్తోంది. రోడ్డు లేని ఊళ్లకు రేషన్ బియ్యం, సంతకు కాఫీ గింజలు, మిరియాలు మోసేది అదే. గుర్రమెక్కి బడికి వెళ్లిన ఉపాధ్యాయుల గురించి పత్రికలు మెచ్చుకుంటూ రాశాయి. ఆ గుర్రం రాత్రి ఎక్కడ పడుకుంటుందో ఎవరూ రాయలేదు.

అది నిలబడేది తడిలో. తడిలో నానిన డెక్క మెత్తబడుతుంది. డెక్క అడుగున మధ్యలో ఉండే మెత్తని భాగం కుళ్లి, నల్లబడి, దుర్వాసన వేస్తుంది. మడమల దగ్గర చర్మం పగిలి పొక్కులు కడుతుంది. గుర్రాలకు ధనుర్వాతం భయం చాలా ఎక్కువ. ఆ క్రిమి మట్టిలోనూ లద్దిలోనూ ఉంటుంది, డెక్కలో చిన్న గాయం చాలు దానికి. జోరీగల పురుగులు పెరిగేది కూడా తడిమట్టిలోనే. సర్రా జబ్బును ఒక గుర్రం నుంచి ఇంకో గుర్రానికి మోసేవి ఆ ఈగలే. గుర్రం కుంటితే ఆ ఇంటికి బండి ఆగినట్టే. బియ్యం మూట అప్పుడు మనిషి నెత్తి మీదికి, ఎక్కువసార్లు ఆడమనిషి నెత్తి మీదికి వస్తుంది. రొచ్చు ఎత్తేదీ ఆమే.

2005 నాటి ఉపాధి హామీ చట్టం మొదటి షెడ్యూలు చూడండి. పేద కుటుంబాలకు కట్టించదగిన వాటిలో కోళ్లకు, మేకలకు, పందులకు, పశువులకు షెడ్లు అని రాశారు. గుర్రం పేరు రాయలేదు. రోడ్డు వేయని ప్రభుత్వాలు, రోడ్డు లేని లోటు తీర్చే జంతువును లెక్కలోకి కూడా తీసుకోలేదు.

పేరున్న పశువుకైనా న్యాయం జరిగిందా? కప్పుకు డబ్బిస్తారు, గోడకు ఇస్తారు. ఆ కప్పు మీద పడిన నీళ్లు ఎటు పోవాలో అడగరు. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 460 లీటర్లు. అంటే ముప్పై బిందెల నీళ్లు చూరు నుంచి వాకిట్లోకి దిగుతాయి. ఇక వీధి సంగతి. పాత రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు వేసి, కాలువ తీయకుండా వెళ్లిపోతారు. రోడ్డు అడుగు ఎత్తు లేస్తుంది, మన వాకిలి పల్లమవుతుంది, వీధి నీళ్లన్నీ గాటిపాటలోకి వస్తాయి. తర్వాత వాళ్లే వచ్చి ముక్కు మూసుకుంటారు. అన్ని నేలలకూ ఒకటే బొమ్మ గీసి ఇంకుడు గుంత తవ్వమంటారు. ఇసుక నేలలో అది ఇంకుతుంది. తడిసిన రేగడిలో ఇంకదు, దోమల గుంట అవుతుంది.

డబ్బు వచ్చేదాకా కూర్చోమని మేము చెప్పడం లేదు. చేయాల్సిన పని పెద్దది కాదు, వరుస ముఖ్యం. మొదట పైనుంచి వచ్చే నీళ్లను ఆపాలి. కొట్టానికి ఎగువ పక్క అడ్డంగా కాలువ తవ్వి నీళ్లను పక్కకు తిప్పాలి. చూరు కింద రేకు దోనె కట్టి నీళ్లను దూరంగా వదలాలి. నేలను అడుగు ఎత్తు లేపి, 10 అడుగులకు 2, 3 అంగుళాల వాలు పెట్టాలి. బురద మీదే గరుసు పోస్తే ఆ గరుసు కూడా బురదలో కలిసిపోతుంది. ముందు మెత్తని మట్టి ఎత్తేసి, పెద్ద రాళ్లు పరిచి, సందుల్లో చిన్న రాళ్లు దిగ్గొట్టి, పైన గరుసు పోసి దిమ్మిస కొట్టాలి. కొట్టం వాకిలి, నీళ్ల తొట్టి చుట్టూ ఇది తప్పనిసరి, తొక్కిడి ఎక్కువ అక్కడే. మా వైపు బేతంచెర్ల నాపరాళ్లు దొరుకుతాయి, గరుకు ముఖం పైకి పెట్టి పరవాలి. నున్నని సిమెంటు మీద గుర్రమూ జారుతుంది, ఎద్దూ జారుతుంది. లద్ది రోజూ ఎత్తి, బావికి దూరంగా, పల్లపు పక్కన దిబ్బ వేయాలి.

టీచర్లకు ఒక మాట. ముప్పై బిందెల లెక్కను పిల్లలతో వాళ్ల సొంత కప్పు కొలిపించి చేయించండి. మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో వాలు చూపించండి. తొలి వాన పడ్డ రోజు నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎక్కడ ఆగాయో పటం గీయించండి. ఆ పటం గ్రామసభలో పెడితే అది పిటిషన్ కంటే గట్టిది.

యువకులకూ ఒక మాట. కొట్టం కంపని సిగ్గుపడి పశువును అమ్మేయమని ఇంట్లో పోరు పెట్టకండి. గ్రామసభకు వెళ్లండి. పాడేరు కొండలు ఐదో షెడ్యూలు ప్రాంతం, అక్కడి గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం బలం ఉంది. మా తండాలకు ఆ రక్షణ లేదు. అయినా గ్రామసభ మాకూ ఉంది. రెండు చోట్లా మూడు మాటలు రాయించండి. రోడ్డు వేసే ముందు కాలువ తీయాలి. షెడ్డు అంచనాలో కాలువ ఖర్చు, నేల ఖర్చు కలపాలి. గుర్రం మోసే ఊళ్లలో గుర్రపు కొట్టానికీ డబ్బివ్వాలి.

మాకు జాలి అక్కర్లేదు, పరిశుభ్రత ఉపన్యాసాలూ అక్కర్లేదు. మూసిన నీళ్ల దారి తెరవండి. ఆ తర్వాత వచ్చి మా వాకిలి చూడండి.