గేర్ల సంఖ్య కాదు, పళ్ల లెక్క

టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెంలోకి డిరైలర్‌ను 1937లో గాని అనుమతించలేదు. అంతకుముందు పోటీదారులు కొండ మొదట్లో దిగి, వెనుక చక్రాన్ని ఊడదీసి, దాని రెండవ వైపునున్న పెద్ద పళ్లచక్రం గొలుసుకు అందేలా తిప్పి బిగించుకునేవారు. గెలవవలసింది కండబలమే గాని యంత్రం కాదని పందెం స్థాపకుడు ఆన్రీ దెగ్రాంజ్ పట్టుదల.

నేటి కొనుగోలుదారుని చిక్కు వేరు. 21 గేర్లన్న మాట వినగానే అతడు డబ్బు చెల్లిస్తాడు. ముందు మూడు, వెనుక ఏడు పళ్లచక్రాలను హెచ్చవేస్తే వచ్చిన సంఖ్య అది. వాటిలో చాలా గేర్లు ఇంచుమించు ఒకదానికొకటి సమానమే. తీరా ఘాట్ రోడ్డెక్కే వేళ కావలసినంత తేలిక గేరు వాటిలో లేకపోవచ్చు.

చూడవలసింది పళ్ల సంఖ్య. ముందు 42, వెనుక 14 పళ్లుంటే, పెడలు ఒక చుట్టు తిరిగేసరికి బండిచక్రం మూడు చుట్లు తిరుగుతుంది. చదునైన దారికి ఇది హాయి. ముందూ వెనుకా 28 చొప్పున ఉంటే తిరిగేది ఒక్క చుట్టే. వేగం తగ్గినా మోకాళ్లకు శ్రమ తగ్గుతుంది.

గొలుసును ఒక పళ్లచక్రం మీదినుంచి మరొకదాని మీదికి మార్చేది డిరైలర్. వెనుక డిరైలర్‌కు మరొక బాధ్యత కూడా ఉంది: చిన్న చక్రాలకు మారినప్పుడు మిగిలే గొలుసును బిగువుగా పట్టి ఉంచడం. పై ఉదాహరణలో ముందు చక్రాల మధ్య తేడా 14, వెనుక చక్రాల మధ్య తేడా 14, మొత్తం 28. డిరైలర్ సామర్థ్యం అంతకు తగ్గరాదు. తగ్గితే గొలుసు వేలాడుతుంది. లేదా పెద్ద చక్రాల మీద బిగుసుకొని డిరైలర్‌నే విరిచివేస్తుంది.

మీటతో పొత్తు కుదరడం మరొక షరతు. పాత మీటను ఎంత లాగితే గొలుసు అంత జరిగేది; ఏ డిరైలర్‌కైనా అది సరిపోయేది. షిమానో సంస్థ 1984లో మెట్టుమెట్టుగా కదిలే మీటను డ్యూరా-ఏస్ శ్రేణిలో ప్రవేశపెట్టిన తరువాత ఈ పద్ధతే వ్యాపించింది. ఒక్కొక్క మెట్టుకు తీగ ఇంతే జరగాలన్న కొలత ఉన్నందున, మీట, డిరైలర్ ఒకే కొలతకు చెందినవి కావాలి.

ఇక ఖర్చు. చదునైన ఊళ్లో ఆఫీసుకు పోయివచ్చేవారికి ముందు ఒకే చక్రం, వెనుక ఆరేడు చక్రాలు, చవకరకం డిరైలర్ చాలు. మిగిలిన సొమ్ము మంచి బ్రేకులకూ టైర్లకూ వినియోగించడం మేలు. సామానుతో కొండదారుల వెంట దూరప్రయాణం చేసేవారు పొడుగు చట్రం గల మధ్యరకం కొనాలి. పై ధర ముఖ్యంగా తేలికదనానికీ మెత్తని కదలికకూ చెల్లించేది. అది పందెగాళ్లకు అవసరం.

ఏ రకమైనా, హద్దు మరలు సరిగా బిగించారో లేదో బండిని నిలబెట్టి, పెడలు తిప్పి చూసుకోవాలి. అవి వదులైతే గొలుసు చువ్వల్లో పడి, నడుస్తున్న చక్రం స్తంభించి, మనిషి పడిపోయే ప్రమాదముంది. సైకిలు కుడివైపుకు పడితే డిరైలర్ వేలాడే కొక్కెం వంగుతుంది. గేరు మొరాయించినప్పుడు కొత్త డిరైలర్ కొనేముందు ఆ కొక్కేన్ని సరిచేయించి చూస్తే, చాలాసార్లు ఆ ఖర్చే తప్పుతుంది.