బ్రిటన్ కొత్త పౌరసత్వ చట్టాన్ని ఖండిస్తున్నాం

లండన్, డిసెంబర్ 1982

వచ్చే జనవరి 1 నుంచి అమలులోకి రానున్న 1981 బ్రిటిష్ జాతీయత చట్టాన్ని, బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారి తరఫున మా సంఘం తీవ్రంగా ఖండిస్తోంది.

1948 చట్టం కింద లండన్‌లో పుట్టినా హాంకాంగ్‌లో పుట్టినా పౌరసత్వం ఒక్కటే. 1962, 1968, 1971లలో వచ్చిన వలస చట్టాలు దాని విలువను తగ్గిస్తూ వచ్చాయి. ఇప్పుడు ఒకే పౌరసత్వం అన్న పేరు కూడా ఉంచకుండా పౌరులను మూడు తరగతులు చేశారు. బ్రిటన్‌లో నివసించే హక్కు మొదటి తరగతికే. తూర్పు ఆఫ్రికాలో మిగిలిన మనవాళ్లలో బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవారు చాలామంది మూడో తరగతిలో పడ్డారు. ఆ పాస్‌పోర్టు చూపించి హక్కుగా అడుగుపెట్టగలిగిన దేశం వారికి ఒక్కటీ లేదు.

సెయింట్ హెలీనాకు జరిగింది మరీ అన్యాయం. దక్షిణ అట్లాంటిక్‌లో అయిదు వేల మంది ఉండే దీవి అది. అక్కడివారికీ వారి సంతతికీ ఇంగ్లండులో పుట్టినవారితో సమానంగా హక్కులుంటాయని రెండో చార్లెస్ 1673లోనే రాసిచ్చాడు. ఆ దీవికి విమానాశ్రయం లేదు, రాకపోకలకు ఆధారం ఒక్క ఓడ. ఫాక్లండ్ యుద్ధం కోసం ఈ ఏడాది ఆ ఓడనూ ప్రభుత్వం తీసుకుంది. దీవివాసుల పౌరసత్వాన్ని మాత్రం రెండో తరగతికి దించింది.

ఫాక్లండ్ వాసుల్లో వందలమందికి కూడా ఈ చట్టం మొండిచెయ్యే చూపింది. యుద్ధం తర్వాత వారికి పూర్తి పౌరసత్వం ఇవ్వాలన్న మాట నడుస్తోంది. జిబ్రాల్టర్ వారికి ప్రభువుల సభ పట్టుబట్టి నిరుడే దారి తెరిపించింది. వారికి న్యాయం జరిగితే మాకు సంతోషమే. కానీ అదే న్యాయం సెయింట్ హెలీనాకు, హాంకాంగ్‌కు, కరీబియన్ దీవులకు ఎందుకు వర్తించదో హోం శాఖ చెప్పాలి. ఒంటిరంగు తప్ప మాకు వేరే కారణం కనిపించడం లేదు.

మొన్న సెప్టెంబర్‌లో ప్రధాని థాచర్ పెకింగ్ వెళ్లి 1997 తర్వాత హాంకాంగ్ సంగతి మాట్లాడి వచ్చారు. అక్కడ తరాలుగా ఉంటున్న సింధీ, సిక్కు, పార్శీ కుటుంబాల్లో చాలామందికి భారత పౌరసత్వం లేదు, చైనా తమవారిగా లెక్కపెట్టదు. రేపు ఆ ఊరు చేతులు మారితే వాళ్లు ఎక్కడికి పోవాలి?

ఈ దేశంలో పుట్టిన బిడ్డ ఈ దేశపు పౌరుడన్న పాత నియమం కూడా జనవరి 1తో పోతుంది. తల్లిదండ్రుల్లో ఒకరైనా బ్రిటిష్ పౌరులో, ఇక్కడ స్థిరనివాస హక్కు ఉన్నవారో కావాలి. ఆసుపత్రుల్లో రాత్రింబవళ్లు డ్యూటీలు చేస్తూ తాత్కాలిక అనుమతి మీద ఉన్న మన యువ డాక్టర్ల పిల్లలకు ఇది నేరుగా తగులుతుంది.

ఈ చట్టాన్ని వెంటనే రద్దు చేయాలి, వలసల ప్రజలందరికీ పూర్తి పౌరసత్వం తిరిగి ఇవ్వాలి అని డిమాండ్ చేస్తున్నాం. సభ్యులంతా తమ నియోజకవర్గ ఎంపీలకు ఈ మేరకు ఉత్తరాలు రాయాలని కోరుతున్నాం. వచ్చే ఏడాది ఢిల్లీలో జరిగే కామన్వెల్త్ ప్రభుత్వాధినేతల సమావేశంలో భారత ప్రభుత్వం ఈ విషయాన్ని థాచర్ ఎదుటే లేవనెత్తాలని విజ్ఞప్తి చేస్తున్నాం.

— సంఘం కార్యవర్గం