బైపాస్ ఎందుకో రోగికి తెలుగులో చెప్పాలి

గుండెజబ్బు పట్నవాసుల జబ్బు అనుకునే రోజులు పోయాయి. పెనుకొండ ప్రాంతపు వేరుశనగ రైతుకూ, ధర్మవరంలో మగ్గం మీద కూర్చునే నేత కార్మికునికీ, హిందూపురంలో మూటలు మోసే హమాలీకీ నేడు ఈ జబ్బు వస్తున్నది. ఛాతీలో నొప్పి అని పెద్దాసుపత్రికి వెళితే యాంజియోగ్రామ్ తీస్తారు. "మూడు రక్తనాళాలు పూడిపోయాయి, బైపాస్ చేయాలి" అంటారు. ఆ మాట చెవిన పడినది మొదలు ఇంటిల్లిపాదికీ కాలూ చేయీ ఆడదు.

ఆ తర్వాత జరిగేది రెండు రకాలు. కొందరు మారుమాట అడగకుండా ఉన్న రెండెకరాలు తెగనమ్మి, వడ్డీకి అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించుకుంటున్నారు. మరికొందరు రొమ్ము కోస్తారన్న భయంతో ఇంటికి తిరిగివచ్చి నాటుమందు మింగుతున్నారు. మొదటివారిలో కొందరికి అంత తొందర అవసరం ఉండదు. రెండవవారిలో కొందరికి ఆ ఆపరేషనే ప్రాణాధారం. ఎవరు ఏ కోవకు చెందుతారో విడమరచి చెప్పేవారు లేకపోవడమే అసలు కొరత.

వైద్య సౌకర్యం లేదని అనడానికి వీలులేదు. మన దేశంలో మొదటి బైపాస్ ఆపరేషన్ 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు. అప్పట్లో అది మన పల్లెలకు అందని మాట. 1991 నవంబరులో పుట్టపర్తిలో సత్యసాయి ఉన్నత వైద్య సంస్థ ఆసుపత్రి ప్రారంభమై, పేదవానికి కూడా ఉచితంగా గుండె ఆపరేషన్ చేయించుకునే అవకాశం మన ముంగిటికి వచ్చింది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదలుపెట్టిన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. నేడు ఆ పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్నది. అందువల్ల భూమి అమ్మకానికి పెట్టకముందే ఈ రెండు దారులనూ విచారించడం ప్రతి కుటుంబం చేయవలసిన పని.

ఇంతకూ బైపాస్ అంటే ఏమిటి? చెరువు కాలువ పూడిపోతే పక్కన మరో కాలువ తీసి పొలానికి నీరు పారించినట్లే, కాలి నుంచి తీసిన సిరనో, రొమ్ము లోపలి ధమనినో కలిపి గుండె కండరానికి రక్తం పోయే కొత్త దారి వేస్తారు. ఇది ఎవరికి చేయాలి అనే విషయమై వైద్య సంఘాలు మార్గదర్శక సూత్రాలు రాసుకున్నాయి. అమెరికా హృద్రోగ సంఘాలు 2021లో వాటిని సవరించి ప్రకటించాయి. అందులోని ముఖ్యాంశాలు మన రైతుకు అర్థం కానంత కఠినమైనవి కావు.

గుండెకు ఎడమవైపు ప్రధాన ధమని బాగా పూడినవారికి బైపాస్ వల్ల ఆయుష్షు పెరుగుతుంది. షుగర్ ఉండి, గుండె ముందు భాగానికి పోయే పెద్ద ధమనితో సహా పలు నాళాలు పూడినవారికి స్టెంటు కంటె బైపాసే మేలు. 1,900 మంది షుగర్ రోగులపై జరిపి 2012లో వెల్లడించిన పరిశీలనలో, ఐదేళ్లలో స్టెంటు వేసినవారిలో నూటికి 16 మందికి పైగా మరణించగా, బైపాస్ చేసినవారిలో సుమారు 11 మంది మరణించారు. అయితే పక్షవాతం వచ్చినవారు బైపాస్ వర్గంలోనే ఎక్కువ. మేలూ కీడూ రెండూ రోగికి చెప్పాలనడానికి ఇదే కారణం.

నొప్పి స్థిరంగా ఉండి, షుగర్ లేక, గుండె బలంగా ఉన్నవారి సంగతి వేరు. 37 దేశాలలో ఐదు వేల మందికి పైగా రోగులపై జరిగిన మరో పరిశీలన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. మొదటే స్టెంటో బైపాసో చేసినా, మందులతో మొదలుపెట్టి అవసరమైనప్పుడే చేసినా, సుమారు మూడేళ్లలో మరణాలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నొప్పి తరచుగా వచ్చేవారికి మాత్రం ఉపశమనం కలిగింది. ఎడమ ప్రధాన ధమని పూడినవారినీ, గుండె బాగా బలహీనపడినవారినీ ఇందులో చేర్చలేదు. మూడు నాళాలు పూడి గుండె బలంగా ఉన్నవారి విషయంలో 2021 సూత్రాలు బైపాస్ ప్రాధాన్యాన్ని తగ్గించగా, శస్త్రవైద్యుల సంఘాలు ఒప్పుకోలేదు. పెద్ద డాక్టర్ల మధ్యనే భేదాభిప్రాయం ఉన్నచోట రోగిని రాత్రికి రాత్రే సంతకం పెట్టమనడం న్యాయమా? అందుకే గుండె డాక్టరూ, ఆపరేషన్ చేసే డాక్టరూ కలిసి కూర్చుని, రోగి మాట కూడా విని నిర్ణయించాలని ఆ సూత్రాలే చెబుతున్నాయి.

ఒక్క హెచ్చరిక. గుండెపోటు వచ్చినప్పుడు ఈ తర్కం పనికిరాదు. ఛాతీ పట్టేసి చెమటలు పోస్తే 108కి ఫోన్ చేసి తక్షణం ఆసుపత్రికి చేరాలి. ఆ సమయంలో ప్రతి నిమిషమూ విలువైనదే.

ఆపరేషన్‌తో కథ ముగియదు. ఆస్పిరిన్, కొలెస్టరాల్ తగ్గించే మాత్రలు ఏళ్ల తరబడి వేసుకోవాలి. బీడీ మానాలి. కోసిన రొమ్ము ఎముక అతికేవరకు రెండు మూడు నెలలు మూటలు ఎత్తరాదు, నాగలి పట్టరాదు. నొప్పి తగ్గింది కదా అని మాత్రలు మానేస్తే వేసిన కొత్త కాలువ కూడా పూడుతుంది.

కాబట్టి జిల్లా వైద్యాధికారులకు మా విన్నపం ఇది. యాంజియోగ్రామ్ తీసే ప్రతి ఆసుపత్రీ రోగికి తెలుగులో ఒక్క కాగితం ఇవ్వాలి. ఏ నాళం ఎంత పూడింది, బైపాస్ ఎందుకు, స్టెంటు గాని మందులు గాని ఎందుకు చాలవు, ఎన్నాళ్లు ఆగవచ్చు అనే నాలుగు సంగతులు అందులో ఉంటే చాలు. ఆపరేషన్ చేయించుకున్నవారికి నెలనెలా మాత్రలు పెనుకొండ ప్రభుత్వాసుపత్రిలోనూ, మండలాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోనూ తప్పక దొరికే ఏర్పాటు చేయాలి. ఇందుకు కొత్త భవనాలు అక్కరలేదు, కోట్లు అక్కరలేదు.

గ్రామస్థులు కూడా అడగడానికి జంకరాదు. ఎద్దును కొనేముందు పళ్లు పట్టి చూసి, పది మందిని అడిగే మనం, గుండెను కోయించుకునేముందు నాలుగు ప్రశ్నలు అడగడం తప్పు కాదు.